వైజాగ్‌లో సర్ఫ్ రాక్, పంక్ బ్యాండ్లను లైవ్‌లో చూడడం ఎలా?

వైజాగ్‌లో శుక్రవారం సాయంత్రం ‘లైవ్ బ్యాండ్’ అని బోర్డు పెట్టిన చోటికి పదిసార్లు వెళ్తే తొమ్మిదిసార్లు వినపడేవి ఇళయరాజా, రెహమాన్ పాటలే. తప్పు పట్టడం లేదు, నేనూ గొంతు కలుపుతాను. కానీ సర్ఫ్ రాక్, పంక్ కావాలంటే బోర్డులను నమ్ముకుంటే పని జరగదు. వాయించేవాళ్ళను పట్టుకోవాలి.

ముందు ఏం వినబోతున్నారో తెలుసుకోండి

సర్ఫ్ రాక్ 1960ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా బీచ్ ఊళ్ళలో పుట్టింది. చాలావరకు పాడే మనిషి ఉండడు, గిటారే పాడుతుంది. దీనికి పెద్ద పేరు డిక్ డేల్. ఆయన ఎంత గట్టిగా వాయించేవాడంటే యాంప్‌లు (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలు) తట్టుకోలేక కాలిపోయేవి. చివరికి లియో ఫెండర్ ఆయన కోసం ఇంకా బలమైన యాంప్ తయారు చేయాల్సి వచ్చింది. డేల్ తండ్రిది లెబనాన్ మూలం. ఆ తూర్పు బాణీలు ఆయన గిటార్‌లోకి కూడా వచ్చాయి. అందుకేనేమో, మొదటిసారి విన్నా మన చెవికి మరీ పరాయిగా అనిపించదు.

ఆ గిటార్ శబ్దం తడిసి నీళ్ళు కారుతున్నట్టు ఉంటుంది. దాని పేరు రివర్బ్. పాత పద్ధతి యాంప్‌లో అడుగున ఒక రేకు డబ్బా, అందులో సన్నటి స్ప్రింగులు ఉంటాయి. గిటార్ శబ్దం స్ప్రింగు ఒక చివరను వణికిస్తే, ఆ వణుకు రెండో చివర నుంచి కాస్త ఆలస్యంగా, చెదిరి బయటికి వస్తుంది. వాయిస్తుండగా ఎవరైనా యాంప్‌ను కాలితో తంతే స్పీకర్లోంచి పిడుగు పడినట్టు వినిపిస్తుంది. కొందరు కావాలనే తంతారు.

పంక్ అంటే వేగంగా, గట్టిగా కొట్టే రాక్. దాని సంగతి పొట్టిది. న్యూయార్క్‌లో రామోన్స్ బ్యాండ్ 1974లో మొదలైంది. 1976లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో 14 పాటలు, మొత్తం కలిపి అరగంట కూడా లేదు. మీరు చికెన్ పకోడీ ఆర్డర్ చెప్పి వచ్చేలోపు మూడు పాటలు అయిపోతాయి.

బ్యాండ్‌ను కాదు, డ్రమ్మర్‌ను ఫాలో అవ్వండి

గిటార్ వాయించేవాళ్ళు ప్రతి కాలేజీలో దొరుకుతారు. డ్రమ్మర్లు దొరకరు. అందుకని ఊళ్ళో ఒక్కో డ్రమ్మర్ మూడు నాలుగు బ్యాండ్లలో వాయిస్తుంటాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో పబ్బులను ఫాలో అయితే ఆఫర్లు వస్తాయి, ఇలాంటి ఒక డ్రమ్మర్‌ను ఫాలో అయితే షోలు వస్తాయి. అతన్ని పట్టుకోవడానికి మంచి చోట్లు గిటార్ తీగలు అమ్మే షాపు, ఆంధ్రా యూనివర్సిటీ, గీతం లాంటి చోట్ల జరిగే ఫెస్ట్‌లు. రుషికొండలో సర్ఫింగ్ నేర్పేవాళ్ళను కూడా ఒక మాట అడగండి. అలల మీద తిరిగే వాళ్ళందరికీ ఈ సంగీతం నచ్చుతుందని కాదు, వాళ్ళకు బయటి ఊళ్ళ జనంతో పరిచయాలు ఎక్కువ.

పోస్టర్ చదవడం కూడా ఒక విద్యే. ‘రాక్ నైట్’ అంటే సాధారణంగా పాత ఇంగ్లీషు హిట్లు. ‘డీజే’ అని ఉంటే వదిలేయండి. వెతకాల్సిన మాట ‘ఒరిజినల్స్’. అది లేకపోతే బ్యాండ్‌కే మెసేజ్ పెట్టండి: “అన్నా, మీ సొంత పాటలు ప్లే చేస్తారా? ఏ సెట్‌లో?” అడిగినందుకు ఎవరూ కోప్పడరు. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేకే చాలా బ్యాండ్లు కవర్లతో, అంటే వేరేవాళ్ళ పాటలతో, సరిపెడుతున్నాయని నా అనుమానం.

వెళ్ళేముందు ఫోన్ చేయండి

గేటు ఎప్పుడు తెరుస్తారని కాదు, బ్యాండ్ స్టేజీ ఎక్కేది ఎన్నింటికని అడగండి. కవర్ చార్జి (లోపలికి వెళ్ళడానికి కట్టేది) ఎంత, అది బిల్లులో తగ్గిస్తారా అన్నది రెండో ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో మందుకు వయసు 21, కాబట్టి అంతకంటే చిన్నవాళ్ళు ఉంటే లోపలికి రానిస్తారా అనేది మూడోది. మగవాళ్ళే వెళ్తుంటే స్టాగ్ ఎంట్రీ (ఆడవాళ్ళ తోడు లేకుండా ప్రవేశం) ఉందా అని తప్పకుండా అడగండి. నేను, మా ఫ్రెండ్ ఒకసారి అడగకుండా వెళ్ళాం. “కపుల్స్ మాత్రమే సార్” అన్నాడు బౌన్సర్. పార్కింగ్‌లో స్కూటీ మీద కూర్చుని షో మొత్తం గోడ అవతల నుంచి విన్నాం. గోడ దాటి వచ్చింది బేస్ గిటార్ ఒక్కటే.

పది గంటల లెక్క

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగల్లాంటి కొన్ని రోజులకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వచ్చు, అంతే. కాబట్టి రూఫ్‌టాప్ మీదో బీచ్ పక్కనో షో అయితే ఏడింటికల్లా అక్కడ ఉండండి. రుషికొండ, భీమిలి వైపు అయితే తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోండి. వెళ్ళేటప్పుడు 900కె బస్సు ఉంది కదా అని వెళ్ళి, వచ్చేటప్పుడు ఆటోవాడు చెప్పిన రేటు విని టెన్షన్ పడేవాళ్ళను చాలామందిని చూశాను.

చెవులు, నిలబడే చోటు

మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్ ప్లగ్స్ అడిగి జేబులో వేసుకోండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించవచ్చని ఒక లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి పడిపోతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. చిన్న గదిలో డ్రమ్స్ దగ్గర ఆ 100 పెద్ద సంగతి కాదు. ప్లగ్‌ను వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపల పెట్టి అరనిమిషం అదిమి ఉంచండి. ఊరికే చెవిలో కుక్కితే దండగ.

సౌండ్ బాగా వినపడే చోటు మిక్సర్ ముందు కూర్చునే సౌండ్ అన్న పక్కన. అతను తన చెవికి తగ్గట్టు సర్దుకుంటాడు కాబట్టి అక్కడ అన్నీ వినిపిస్తాయి. పంక్ అయితే మాత్రం రెండు పాటలకైనా ముందుకు వెళ్ళండి. అక్కడ ఒకరినొకరు తోసుకుంటూ గెంతుతారు. రూల్ ఒకటే, ఎవరైనా పడితే వెంటనే లేపాలి. వద్దన్నవాళ్ళను లాగకూడదు. అది ఇష్టం లేకపోతే గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడినా ఎవరూ ఏమీ అనుకోరు.

సర్ఫ్ బ్యాండ్ అయితే గిటారిస్ట్ కుడిచెయ్యి చూడండి. ఒకే తీగ మీద పిక్ (తీగ మీటే చిన్న పలక) పైకీ కిందకీ ఆగకుండా కొడుతూనే ఉంటుంది. ఒకసారి సెట్ మధ్యలో ఒకతని తీగ తెగింది. బనీను అంచుతో మిగతావి తుడుస్తూ “సముద్రం గాలికి తుప్పు పట్టేస్తన్నాయి గురూ, నెలకో సెట్టు” అని మైక్‌లోనే అన్నాడు. కొత్త తీగ ఎక్కించేదాకా డ్రమ్మర్ ఒక్కడే లాక్కొచ్చాడు. ఆ రాత్రి అందరికంటే ఎక్కువ చప్పట్లు అతనికే.

షో అయ్యాక వెంటనే వెళ్ళిపోకండి. టీషర్టో స్టిక్కరో అమ్ముతుంటే కొనండి. వైర్లు చుట్టుకుంటున్నప్పుడు పలకరించండి. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు అనుకోండి, యాంప్‌కు ఒక పక్క చెయ్యి వేయండి. “తమ్ముడూ, నెమ్మది, స్ప్రింగులు!” అని గిటారిస్ట్ అరుస్తాడు. తర్వాతి షో ఎప్పుడో మెట్లు దిగేలోపు అతనే చెప్పేస్తాడు.