స్కాలర్‌షిప్ వచ్చింది, ఖాతాలోకి మాత్రం రాలేదు

మా చిన్నది ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ (తక్కువ ఆదాయమున్న ఇళ్ల పిల్లలకి కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష రాసి సెలెక్ట్ అయ్యింది. తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు. స్కాలర్‌షిప్ పోర్టల్లో అప్లికేషన్ వెరిఫై అయినట్టే చూపిస్తోంది, డబ్బు జాడ లేదు. పాస్‌బుక్కు నాలుగుసార్లు ప్రింట్ కొట్టించా. ప్రతిసారీ అదే 500, పైన కాస్త వడ్డీ.

బ్యాంకులో అడిగితే "ఆధార్ లింకయ్యే ఉందమ్మా" అన్నారు. అబద్ధమేం కాదు. కాకపోతే ఖాతాకి ఆధార్ నంబరు ఎక్కించడం వేరు, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్‌కి ఏ బ్యాంకో రాసుండే జాబితాలో, ఆ ఆధార్‌కి ఏ బ్యాంకు పేరుందన్నది వేరు. ఆధార్ మీద పంపే సర్కారు డబ్బు రెండోదాన్నే చూసి వెళ్తుంది. ఈ ముక్క కౌంటర్లో ఒక్కరూ చెప్పలేదు.

మా చిన్నదాని ఆధార్‌కి నా ఫోన్ నంబరే ఉంది కాబట్టి, మైఆధార్ సైట్లో ఓటీపీ కొట్టి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' (ఆ జాబితాలో ఏ బ్యాంకు పేరుందో చూపించేది) చూశా. యాక్టివ్ అనే ఉంది, బ్యాంకు పేరే మనది కాదు! కాసేపటికి వెలిగింది: అది ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా అమ్మ వాళ్ల ఊళ్లో తీసిన జీరో ఖాతా. ఆ పాస్‌బుక్కు అమ్మ బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది. ప్రింట్ చేయిస్తే 12,000 అందులోనే.

కొత్త బ్యాంకులో సీడింగ్ ఫారం నింపి, పాత బ్యాంకు పేరు రాసి, ఆధార్ జిరాక్సు ఇచ్చా. వారం తర్వాత సైట్లో పేరు మారింది. ఇక ఏటా రెన్యువల్ గడువు మర్చిపోకుండా క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుకుంటున్నా.