టెన్త్ పిల్లలకి: చదివింది గుర్తుండాలంటే రోజూ ఎలా కూర్చోవాలి

మేముండేది బెంగళూరు కేఆర్ పురంలో, సాయంత్రాలు ఇంట్లోనే నైన్త్, టెన్త్ పిల్లలకి ట్యూషన్ చెప్తాను, సగంమంది మన తెలుగువాళ్ళ పిల్లలే, మదనపల్లె నుంచో హిందూపురం నుంచో వచ్చి సెటిలైన ఇళ్ళు. వీళ్ళలో కష్టపడని పిల్లలు తక్కువ, కానీ ఆ కష్టమంతా పుస్తకం చూస్తూ చదవడంలోనే అయిపోతోంది. మొన్న ఒకమ్మాయి సైన్స్‌లో లైట్ చాప్టర్ నాలుగుసార్లు చదివానక్కా అంది, నిజంగానే చదివింది, పేజీలన్నీ పసుపు హైలైటరే. పుస్తకం మూసి, కాన్‌కేవ్ మిర్రర్ ముందు వస్తువు ఫోకస్‌కీ సెంటర్‌కీ మధ్యలో ఉంటే ఇమేజ్ ఎక్కడ పడుతుందో గీయమ్మా అన్నా. పెన్ను కదల్లేదు, పాపం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన కష్టంలో లోపం లేదు, చదివే పద్ధతిలోనే ఉంది.

కాబట్టి ఇలా చెయ్యి. ఒక టాపిక్ 20 నిమిషాలు చదువు, పుస్తకం మూసెయ్, రఫ్ పేపర్ తీసుకుని గుర్తున్నదంతా రాయి, బొమ్మైతే గీయి, ఈక్వేషన్ అయితే చూడకుండా బ్యాలెన్స్ చెయ్యి. రానిచోట వెంటనే పుస్తకం తెరవకు, ఒక్క నిమిషం ఆలోచించు, ఆ తంటాలు పడటంలోనే బుర్రకి ఎక్కేది. ఆ తర్వాత తెరిచి, వదిలేసినవి రెడ్ పెన్నుతో అదే పేపర్ మీద రాసుకో. రేపు చదవాల్సింది చాప్టర్ మొత్తం కాదు, ఆ ఎర్రగా ఉన్నవే. మొదటి వారం చాలా చిరాకేస్తుంది, ఏమీ రావట్లేదనిపిస్తుంది, మానేయకు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లలమీద ఇదే చేసి చూశారు, ఒకే పాఠం కొందరు రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి ఒకసారి చూడకుండా రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళే బాగా చెప్పారు, వారం తర్వాత చూస్తే వాళ్ళకి 42 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకి 56 శాతం. మనకి పరీక్ష 5 నిమిషాల్లో ఉండదు కదా, నెలల తర్వాత ఉంటుంది.

ఇంకోటి, గ్యాప్ ఇచ్చి మళ్ళీ చూడటం. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి తనమీద తనే ప్రయోగం చేసుకుని 1885లో రాశాడు, నేర్చుకున్నది ఎక్కువగా పోయేది మొదటి ఒకట్రెండు రోజుల్లోనే అని. అందుకే మర్నాడు ఒకసారి, మూడోరోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, ఒక్కోటీ 10 నిమిషాలు చాలు. గుర్తుపెట్టుకోవడానికి యాప్‌లేం వద్దు, అమ్మ గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ రాసే గోడ క్యాలెండర్ ఉంటుంది చూడు, దానిమీదే ఆ తేదీల్లో చాప్టర్ పేరు రాసెయ్.

టైమంటావా, ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో పడి ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పులిసిపోయి ఉంటుంది, రాగానే కూర్చోకు. తిను, అరగంట పడుకో, తర్వాత రోజూ ఒకే టైముకి ఒకే చోట కూర్చో, ఒకటే గది ఉన్న ఇల్లయినా పర్లేదు, చాప వేసుకునే మూల ఒకటే అయితే చాలు. ఫోన్ మాత్రం వంటింట్లో ఫ్రిజ్ మీద. సైలెంట్‌లో పెట్టి పక్కన పెట్టుకున్నా చెయ్యి అటే పోతుంది. ఆదివారం ఇంట్లో చుట్టాలొస్తే కబ్బన్ పార్కులో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, పర్పుల్ లైన్ మెట్రోలో వెళ్ళిపోవచ్చు, తెరిచే టైములు ముందు కనుక్కో.

కన్నడ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు దీన్ని చివరికి తోసేస్తారు. ఎస్ఎస్ఎల్‌సీలో, అంటే ఇక్కడి కర్ణాటక టెన్త్ బోర్డు పరీక్షలో, మ్యాథ్స్, సైన్స్ వందేసి మార్కులకైతే ఫస్ట్ లాంగ్వేజ్ 125కి, అది కన్నడ తీసుకున్నవాళ్ళకి అంత బరువుంటుంది. మాట్లాడటం వచ్చు కదా అనుకుంటారు, రాసేటప్పుడు క, త, శ తెలుగులోలా పడిపోతాయి, తలకట్టు కూడా మనదే వచ్చేస్తుంది. రోజూ అరపేజీ డిక్టేషన్ రాయి, పక్కింటి కన్నడ ఆంటీని చదవమంటే సంతోషంగా చదువుతారు.

రాత్రి మేలుకుని చదవడం నాకస్సలు ఇష్టంలేదు, మీ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్పేదే.

సంక్రాంతికి ఊరెళ్ళొస్తే వారం అంతా తప్పిపోతుంది, అది అందరికీ జరిగేదే. వచ్చాక మిగిలిపోయినవన్నీ ఒకేరోజు లాగెయ్యాలని కూర్చోకు, రెండో రోజుకే విసుగొస్తుంది. వెళ్ళేముందు రాసిన చివరి రఫ్ పేపర్ తీసి, ఆ ఎర్రవి చూడకుండా ఒకసారి రాయి, ఆరోజుకి అంతే.