మృగశిర కార్తెకి ముందు పాత జీపు పని పెట్టుకునేవాళ్లకు

రోహిణి కార్తె ఎండలు మండుతుండగానే మా నర్సీపట్నం, చింతపల్లి, పాడేరు వైపు పాత జీపులున్నవాళ్లు పానాలు బయటికి తీస్తారు. ఒకసారి వాన పట్టిందంటే ఇంటి ముందు బురదలో పడుకుని పని చేయలేం, మెకానిక్కులు కూడా ఖాళీగా దొరకరు. అందుకే మే నెలలో చేసే పనే పని. ఆ తొందరలోనే దెబ్బలు తగులుతాయి. నాకూ తగలబోయింది కాబట్టి ఇది రాస్తున్నాను.

నాది మహీంద్రా సీజే 3బీ. హరికేన్ పెట్రోల్ ఇంజన్ ఎత్తు ఎక్కువని బానెట్ ఎత్తు పెంచి కట్టిన మోడల్ అది. నా చేతికి వచ్చేసరికే ఆ ఇంజన్ పోయి డీజిల్ ఇంజన్ ఎక్కింది. మన దగ్గర తిరిగే పాత జీపుల్లో చాలా వాటి కథ ఇదే. బయటికి ఒకే బండిలా కనిపిస్తుంది గానీ ఇంజన్ ఒకదానిది, గేర్ బాక్సు ఇంకోదానిది, వైరింగ్ ఎవరికి తోచినట్టు వాళ్లది. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఒక పూటంతా చూడటానికే పెట్టుకోండి. ఏది కంపెనీది, ఏది తర్వాత తగిలించింది అని కాగితం మీద రాసుకోండి. వేరే బండి వీడియో చూసి మీ బండి నట్టు తిప్పొద్దు.

ముందు జాకీ సంగతి. ఇక్కడే నేను ప్రమాదం అంచుదాకా వెళ్లాను. మా ఇంటి ముంగిలి కొంచెం వాలుగా ఉంటుంది. వెనక కుడి చక్రం తీసి బ్రేక్ లైనర్లు చూద్దామని హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, జాకీ పెట్టి ఎత్తాను. చక్రం విప్పి పక్కన పెట్టి, డ్రమ్ము కింద చెయ్యి పెట్టి బ్రేక్ లైనర్లని తోసే వీల్ సిలిండర్ దగ్గర తడి ఉందేమో చూశాను. వేలికి నూనె తగిలింది. తుడుచుకుందామని గుడ్డ కోసం పక్కకి తిరిగాను. వెనకాల కిర్రుమని చప్పుడు. జీపు జానెడు ముందుకు జరిగింది, జాకీ పక్కకి ఒరిగింది, డ్రమ్ము నేలమీద పడి మట్టిలో రెండు వేళ్ల లోతు దిగింది. నా అరచెయ్యి ఒక్క క్షణం ముందు సరిగ్గా అక్కడే ఉంది.

హ్యాండ్ బ్రేక్ వేసి ఉండగా బండి ఎలా కదిలిందో ఆ సాయంత్రం దాకా అర్థం కాలేదు. తర్వాత కింద చూస్తే తెలిసింది. ఈ పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలకి ఉండదు. గేర్ బాక్సు బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ఆ బలాన్ని వెనక చక్రాల వైపు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో ఒక చిన్న డ్రమ్ముకి ఉంటుంది. అది షాఫ్టుని పట్టుకుంటుంది, అంతే. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచాక, రెండు చక్రాల్నీ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ పుణ్యమా అని అది వెనక్కి తిరుగుతుంటే నేలమీదున్న రెండో చక్రం ముందుకు దొర్లుతుంది. షాఫ్టు మాత్రం కదలదు. గేరులో వేసి పెట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే గేరు కూడా పట్టుకునేది ఆ షాఫ్టునే.

కాబట్టి వాలు లేని గట్టి నేల చూసుకోండి. నేలమీద మిగిలే చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు దూర్చి, సుత్తితో ఒక దెబ్బ వేసి బిగించండి. జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక చాసిస్ కిందో, చక్రాల ఇరుసుండే హౌసింగ్ కిందో ఇనప స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదకి దించి, బంపర్ పట్టుకుని గట్టిగా ఊపి చూసి, అప్పుడు కిందికి వెళ్లండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పేర్చి వాటి మీద బండి నిలబెట్టేవాళ్లని చూస్తుంటాను, దయచేసి ఆ పని చేయకండి. అవి ముందుగా చెప్పి పగలవు. విప్పిన చక్రాన్ని కూడా చాసిస్ కింద అడ్డంగా పడుకోబెట్టండి. ఏది జారినా మీకూ బండికీ మధ్య అదొకటి మిగులుతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బండి కిందికి దూరొద్దు.

చక్రం విప్పేటప్పుడు ఇంకో మాట. పాత జీపుల్లో కొన్నింటికి ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరవి, అంటే కుడివైపు తిప్పితేనే వదులవుతాయి. విప్పుతున్నామనుకుని బిగిస్తూ పోతే, పైపు తొడిగి మరీ బలం వేస్తే, స్టడ్డు తెగుతుంది, మనిషి వెనక్కి పడతాడు. స్టడ్డు చివర ఎల్ అని అక్షరం ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి.

ఇక బ్రేకులు. వాన ముందు ఒక్క పనికే డబ్బులుంటే అవి బ్రేకులకే పెట్టమంటాను. స్నార్కెల్ (ఇంజన్‌కి గాలిని ఎత్తులోంచి తీసుకునే పైపు), ఎల్ఈడీ బార్, పెద్ద టైర్లు అన్నీ తర్వాత. సీజే 3బీకి కంపెనీ ఇచ్చినవి 9 అంగుళాల డ్రమ్ములు. తేలికైన బండికి, ఆనాటి వేగాలకి అవి సరిపోయాయి. ఇప్పుడు ముందు బరువైన డీజిల్ ఇంజన్, వెనక పది మంది మనుషులు, అవే డ్రమ్ములు. పైగా పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే పాత మాస్టర్ సిలిండర్‌కి ఒకటే లైను. నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక హోస్ పైపు పగిలినా నాలుగూ పోతాయి. ఘాట్ దిగుతుండగా పెడల్ నేలకి అంటితే పక్కన లోయ ఉంటుంది.

ఇంజన్ ఆపి ఉండగా పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ వాషర్లు అరిగాయి. మెత్తగా స్పాంజిలా ఉంటే గాలి చేరింది. హోస్ పైపుల్ని వంచి చూడండి, సన్నటి చీలికలు కనిపిస్తే మార్చేయండి, ఇంకో సీజన్ చూద్దాం అనుకోవద్దు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. అందుకే సగం వాడి అల్మరాలో పెట్టిన పాత డబ్బా వద్దు, సీలు తీయని కొత్తది తెచ్చుకోండి. అత్యవసరం అని ఇంజన్ ఆయిల్ గానీ ఇంకే మినరల్ నూనె గానీ పోయొద్దు. లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, ఆ తర్వాత మొత్తం లైను విప్పాల్సిందే. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి.

డ్రమ్ము విప్పగానే లోపలి దుమ్ముని నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం మనకి అలవాటు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ఏళ్ల తర్వాత రోగమై బయటపడే పదార్థం అది. ముక్కుకి మాస్కు కట్టుకుని, దుమ్ము మీద ముందు నీళ్లు చిలకరించి, తడి గుడ్డతో తుడవండి. ఆ గుడ్డ పారేయండి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వొద్దు.

స్టీరింగ్ ఊగుతోంది అంటే చాలామంది చక్రాల్ని స్టీరింగుకి కలిపే టై రాడ్ ఎండ్లు మార్చేసి చేతులు దులుపుకుంటారు. ముందు చక్రం ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు తెలిస్తే ఇంకొకరిని బ్రేక్ తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఇప్పుడు లూజు మాయమైతే అది వీల్ బేరింగు. అలాగే ఉంటే ముందు చక్రం పక్కకి మళ్లడానికి ఆధారమైన కింగ్ పిన్ను. వీల్ బేరింగు బిగించడం ఇంట్లో నేర్చుకోవచ్చు. కింగ్ పిన్ను షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) చేయి తిరిగినవాడి పక్కన ఒకసారి కూర్చుని చూశాకే ముట్టుకోండి.

మోడిఫికేషన్ల మీద మోజు నాకూ ఉంది, కాదనను. కానీ ఒకచోట మార్చింది ఇంకోచోట బరువై కూర్చుంటుంది. కమాన్ పట్టీల్ని చాసిస్‌కి కలిపే షాకిల్ పొడుగుది వేసి బండి ఎత్తు పెంచితే ముందు యాక్సిల్ వాలు మారి స్టీరింగు రోడ్డు మీద నిలవదు. ప్రొపెల్లర్ షాఫ్టు వంపు పెరిగి షాఫ్టు కీళ్లయిన క్రాసుల్ని తినేస్తుంది. బ్రేక్ హోసు పొడవు చాలక, చక్రం గోతిలోకి దిగినప్పుడు తెగేదాకా లాగుతుంది. పెద్ద టైర్లు వేస్తే ఆ 9 అంగుళాల డ్రమ్ముల మీద ఇంకా భారం. కమాన్ పట్టీల్ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు ఒకసారి విప్పితే పాతవి మళ్లీ వాడొద్దు. కొత్తవి వేశాక కూడా 50, 100 కిలోమీటర్ల దగ్గర మళ్లీ బిగించుకోవాలి, అవి సర్దుకుని తప్పకుండా కొంచెం లూజవుతాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకీ కంపెనీ కొలతలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించాక, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరుకి 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇంజన్ మారిన బండి కొనేవాళ్లు ఆర్సీలో ఆ మార్పు ఎక్కిందో లేదో ముందే చూసుకోండి. ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే.

వైరింగ్ పని ఏదైనా ముందు బ్యాటరీ నెగెటివ్ తీయండి, చివర్లో అదే తగిలించండి. చేతి ఉంగరం, కడియం తీసి జేబులో వేసుకోండి. పానా ఒక చివర బ్యాటరీ పాజిటివ్‌కీ, మధ్యలో ఉంగరం బాడీకీ తగిలితే ఉంగరం ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది. పొగమంచు లైట్లు పెట్టుకునేవాళ్లు లెక్క వేసుకోండి. 55 వాట్లవి రెండంటే 110 వాట్లు, 12 వోల్టుల మీద 9 ఆంపియర్ల పైమాటే. దాన్ని పాత స్విచ్చి గుండా పంపితే డాష్ వెనక వైరు కరుగుతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) పెట్టండి, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి, 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు ఎక్కడ ఒరుసుకున్నా కాపాడేది ఏమీ ఉండదు.

ఫ్లోరు తుప్పు పట్టి చిల్లులు పడితే అతుకు వేయించడం వాన ముందు అందరూ చేసే పనే. సీజే 3బీలో ఫ్యూయెల్ ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ఖాళీ ట్యాంకే కదా అని దాన్ని పక్కన ఉంచుకుని వెల్డింగ్ చేయించొద్దు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకుతోనే ఎక్కువ ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి నిప్పురవ్వకి పేలుతుంది. ట్యాంకు పూర్తిగా విప్పి దూరంగా పెట్టించండి, బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు రెండూ తీసేయండి. అలాగే ఇంజన్ తిరుగుతుండగా లుంగీతో, మెడలో తువ్వాలుతో ఫ్యాను బెల్టు మీదకి వంగొద్దు. ఇది చాదస్తం అనుకున్నా సరే.

ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరున్న (ఇంజన్‌లోకి పోయే గాలిని గిన్నెలోని నూనెతో శుభ్రం చేసేది) డీజిల్ బండ్లలో గిన్నెలో గీత దాటి నూనె పోస్తే ఇంజన్ ఆ నూనెనే తాగి, తాళం తీసినా ఆగకుండా పైపైకి రేజ్ అవుతుంది. అలా జరిగితే గాలి లోపలికి పోయే నోటిని చెక్క పలకతో మూసేయాలి. చేయి మాత్రం అడ్డం పెట్టొద్దు. ఆ పలకేదో ముందే చేతికి అందేలా పెట్టుకోండి.

ఇంత చేశాక వాగు గురించి. కల్వర్టు మీద నీళ్లు పొర్లి పారుతుంటే ఏ జీపైనా ఆగాల్సిందే. ఎంత బరువైన బండైనా పారే నీరు కిందనుంచి ఎత్తి పక్కకి తోసేస్తుంది. నేను చెప్పేది నిలకడగా, అడుగు కనిపించేలా ఉన్న నీళ్ల గురించి. చక్రం మధ్య హబ్ ఎత్తు దాటితే దిగొద్దు. స్నార్కెల్ ఉందన్న ధైర్యం వద్దు, పైపులో ఒక్క క్లిప్పు లూజుగా ఉన్నా అది పనికిరానట్టే. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే దయచేసి సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లో చేరిన నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బండిని బయటికి లాగి, ఇంజెక్టర్లు విప్పి, చేత్తో ఇంజన్ తిప్పి నీరంతా బయటికి పోయాకే తర్వాతి సంగతి.

హౌసింగుల మీద బ్రీదర్లు (లోపలి గాలి వచ్చిపోయే చిన్న నోళ్లు) మట్టితో మూసుకుపోయాయేమో ఇప్పుడే చూసి, వాటికి రబ్బరు గొట్టం తొడిగి బానెట్ ఎత్తుకి పైకి తెచ్చి కట్టండి. వందో నూట యాభయ్యో ఖర్చు. వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, దొరికిన సందులోంచల్లా నీళ్లు లోపలికి లాక్కుంటుంది. వాగు దాటి గట్టెక్కగానే బ్రేక్ పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి కొంత దూరం నడపండి, తడిసిన లైనర్లు ఆరేదాకా బ్రేకులు పట్టవు. రాత్రంతా బండిని కదపకుండా ఉంచితే నీరు గేర్ ఆయిల్ అడుక్కి దిగుతుంది. పొద్దున్నే ముందు పైన నూనె పోసే ప్లగ్గు విప్పి, అది తిరుగుతుందని చూసుకున్నాకే కింది ప్లగ్గుని అర మర తిప్పండి. మొదటి చుక్కలు నీళ్లయినా, పాలు ఎక్కువైన కాఫీలా ఉన్నా, ఆయిల్ మార్చేదాకా బండిని బయటికి తీయొద్దు.