వాటర్లూ ఎర్రకోట్లు: 28 మిల్లీమీటర్ల సిపాయిలకు రంగులు వేద్దాం

టేబుల్ మీద ఆడే యుద్ధం ఆటల కోసం, వాటర్లూలో నెపోలియన్‌తో పోరాడిన బ్రిటిష్ సిపాయిల చిన్న బొమ్మలకి రంగులు వేసే పద్ధతి ఇది. ఒక్కో బొమ్మ మీద గంటలు గంటలు కూర్చుంటే బెటాలియన్ ఎప్పటికీ పూర్తవదు, ముందే చెప్తున్నా. ఆటలో వీటిని మూడడుగుల దూరం నుంచి చూస్తారు. కనుపాపలు ఎవరికీ కనబడవు, ఛాతీ మీద అడ్డంగా వేసుకున్న తెల్ల బెల్టులు మాత్రం టేబుల్ అవతలి నుంచి కూడా కనబడతాయి, కాబట్టి టైమంతా అక్కడ పెట్టండి.

కొత్తవాళ్లకి 33వ రెజిమెంట్ సులువు. 1815 జూన్ 18న వాటర్లూలో దాని పక్కనే నిలబడ్డ 30వ దానికి కాలరు, కఫ్‌లు లేత పసుపు, 69వ దానికి ఆకుపచ్చ. 33కి అవి కూడా ఎరుపే, ఒక రంగు పని తప్పింది. ఎరుపు అన్నాం కదా అని పండుమిరప రంగు డబ్బా తీయకండి. మామూలు సిపాయి కోటుకి మాడర్ వేరుతో అద్దకం వేసేవారు (మన మంజిష్ఠకి దగ్గరి చుట్టమే), అది కాస్త ఇటుక రంగులో ఉంటుంది, ఎండకీ వానకీ ఇంకా వెలుస్తుంది. ధగధగలాడే ఎరుపు ఆఫీసర్లకీ సార్జెంట్లకీ.

బొమ్మల్ని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అచ్చు కలిసిన చోట మిగిలే సన్న గీతని కత్తితో గీకేయండి, బద్ధకించి వదిలేస్తే తర్వాత అదే ముఖం మీద గాటులా తేలుతుంది. పన్నెండింటిని ఐస్‌క్రీమ్ పుల్లల మీద అంటించి, జానెడు దూరం నుంచి గ్రే ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత) స్ప్రే పల్చగా కొట్టండి. అక్రిలిక్ రంగుని పాల చిక్కదనానికి నీళ్లు కలిపి రెండు పూతలు వేయాలి. పాత టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్ పరిస్తే కలిపిన రంగు త్వరగా ఎండిపోదు. బ్రష్ 1వ నంబరు చాలు, మొన బాగుండాలి. మూడు సున్నాల (000, మరీ సన్నటి) బ్రష్ కొన్నారా, రంగు బొమ్మ దాకా వెళ్లేలోపే మొన మీద ఎండిపోతుంది.

పన్నెండు కోట్లూ అయ్యాకే ప్యాంట్లు (బూడిద రంగు), తర్వాత టోపీ, వీపు సంచి (రెండూ నలుపే), తుపాకి కర్ర, ముఖం, చేతులు.

ఇప్పుడు బెల్టులు. నేరుగా తెలుపు వేయకండి, ఎరుపు మీద అది గులాబీ రంగులోకి తిరుగుతుంది. ముందు లేత బూడిద రంగుతో బెల్టు మొత్తం గీయండి, చేయి వణికి కోటు మీదకి పోయినా ఫర్వాలేదు, ఎరుపుతో దిద్దుకోవచ్చు. ఆరాక బొమ్మంతా ముదురు గోధుమ వాష్ (బాగా పల్చన చేసిన రంగు) వేయండి, అది బెల్టుకీ కోటుకీ మధ్య సందులోకి దిగి నల్లటి గీతలా నిలుస్తుంది. ఆ గీతని ముట్టుకోకుండా బెల్టు నడిమధ్యలో మాత్రం తెలుపు లాగండి. మొత్తం పనిలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే, అప్పటిదాకా ప్లాస్టిక్ ముద్దలా ఉన్నవాడు ఒక్కసారిగా సిపాయి అయిపోతాడు.

చివర్లో మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్. ఓ ముసురు రోజు నేను తొందరపడి స్ప్రే కొడితే పన్నెండు మందీ పిండిలో పొర్లినట్టు తెల్లబడ్డారు. బ్రష్‌తో గ్లాసీ (మెరిసే) వార్నిష్ పూస్తే చాలావరకు తేరుకున్నారు, కానీ ఆ టెన్షన్ మీకొద్దు, పొడి రోజు చూసి కొట్టండి. బయొనెట్ల (తుపాకి కొసన ఉండే కత్తుల) మీద మాత్రం ఇంకో పూత వేయండి, దాన్ని పట్టుకుని బొమ్మనెత్తేవాడు ప్రతి ఆటలోనూ ఒకడుంటాడు.