ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ గ్రాఫిక్స్ కార్డు: ఎక్కడ ఆగిందో పట్టుకుంటే సగం పని అయినట్టే

ల్యాప్‌టాప్‌కి బయట తగిలించే ఎక్స్‌టర్నల్ గ్రాఫిక్స్ కార్డు పనిచేయకపోతే చాలామంది ముందు డ్రైవర్ (కార్డును విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేస్తారు. పూటంతా అక్కడే గడిచిపోతుంది. నిజానికి డ్రైవర్ చివరి మెట్టు. దానికంటే ముందు కార్డుకు కరెంటు అందాలి, కేబుల్ సరైనదై ఉండాలి, ల్యాప్‌టాప్ పోర్టులో పీసీఐఈ దారి (కార్డు, ప్రాసెసర్ మధ్య డేటా నడిచే దారి) ఉండాలి, బయోస్ (విండోస్ కంటే ముందు లేచే ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్) ఒప్పుకోవాలి, విండోస్ కార్డుకు మెమరీ చోటు ఇవ్వాలి. ఇవన్నీ అయ్యాకే డ్రైవర్ వంతు. కింద లక్షణాలను కూడా ఇదే వరుసలో ఇచ్చాం. మీ కార్డు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

అసలు ఈ ల్యాప్‌టాప్‌కి పెట్టొచ్చా?

పోర్టు ఆకారం చూసి నిర్ణయించొద్దు. యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్న ప్రతి ల్యాప్‌టాప్‌కీ కార్డు తగిలించలేం. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉంటే అది థండర్‌బోల్ట్, అంటే పీసీఐఈ దారి ఉన్న వేగవంతమైన పోర్టు. థండర్‌బోల్ట్ 3, 4 రెండింటి వేగమూ 40 జీబీపీఎస్. అందులో పీసీఐఈకి దక్కేది గరిష్ఠంగా 32. యూఎస్‌బీ4 అని రాసి ఉంటే కంపెనీ స్పెసిఫికేషన్ చూడాల్సిందే, ఎందుకంటే యూఎస్‌బీ4లో పీసీఐఈ దారి ఇవ్వడం ల్యాప్‌టాప్ కంపెనీ ఇష్టం. ఎం1తో మొదలైన యాపిల్ సొంత చిప్‌ల మ్యాక్‌బుక్‌లలో మ్యాక్‌ఓఎస్ ఇలాంటి గ్రాఫిక్స్ బాక్సులను తీసుకోదు, ఆ ప్రయత్నం మానుకోండి. ఇంటెల్ మ్యాక్‌లలో 2018లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 10.13.4 నుంచి అధికారికంగా పనిచేస్తుంది, అదీ ఏఎండీ కార్డులతోనే.

థండర్‌బోల్ట్ లేకపోతే ల్యాప్‌టాప్ లోపల ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ నుంచి అడాప్టర్ వేసుకోవచ్చు. కానీ ఒకటే స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అది ఎస్‌ఎస్‌డీ చోటు. వైఫై కార్డు స్లాట్ వాడితే ఒక్క లేన్ (పీసీఐఈ దారిలో ఒక వరుస) మాత్రమే దొరుకుతుంది. డిస్‌ప్లే వెలుగుతుంది, అంతకుమించి ఆశించకూడదు.

"కార్డు ఫ్యాన్ కూడా తిరగడం లేదు"

కార్డును లోపల పెట్టే రేజర్ కోర్ ఎక్స్ లాంటి మూసిన బాక్సులో 650 వాట్ల పవర్ సప్లై లోపలే ఉంటుంది కాబట్టి ఈ తలనొప్పి తక్కువ. ల్యాప్‌టాప్ కేబుల్ తగిలించేదాకా ఆన్ కాని బాక్సులూ డాక్‌లూ (కార్డును గుచ్చే మూతలేని బోర్డులు) ఉన్నాయి. అలాంటి వాటిలో ఫ్యాన్ తిరగకపోవడం లోపం కాదు. ఒక్కో కార్డు లోడు పడేదాకా ఫ్యాన్ తిప్పదు కూడా. డాక్ మీది లైటు చూసి మాట్లాడాలి.

మనదగ్గర ఎక్కువమంది వాడేది ఓపెన్ డాక్, విడిగా కొన్న డెస్క్‌టాప్ పవర్ సప్లై. డెస్క్‌టాప్ సప్లై దానంతట అది ఆన్ కాదు. 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్ను, అంటే పాత సప్లైలలో ఆకుపచ్చ వైరు, గ్రౌండ్‌కి కలిస్తేనే లేస్తుంది. ఆ పని డాక్ చేస్తుంది. 24 పిన్నుల ప్లగ్ క్లిక్ అనేదాకా దిగకపోతే అసలు చలనమే ఉండదు.

తర్వాత కార్డు మీది పవర్ ప్లగ్గులు. స్లాట్ ద్వారా 75 వాట్లు, 6 పిన్నుల ప్లగ్‌తో మరో 75, 8 పిన్నుల దానితో 150 వస్తాయి. ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు కావాలి, ఆర్‌ఎక్స్ 6600కి 132 చాలు. ఇక్కడ ప్రాసెసర్ భారం సప్లై మీద ఉండదు కాబట్టి ఈ రెండింటికీ పేరున్న 450 వాట్ల సప్లై సరిపోతుంది. 350 వాట్లు తాగే 3090 లాంటివాటికి 750 తీసుకోండి.

రెండు పొరపాట్లు కార్డుని కాల్చేస్తాయి. మొదటిది, ప్రాసెసర్‌కి ఇచ్చే 8 పిన్నుల ప్లగ్‌ని బలవంతంగా కార్డులో దూర్చడం. చూడటానికి ఒకేలా ఉన్నా అందులో 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి. 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌ది, 6+2గా విడిపోయేది కార్డుది. రెండోది, సాటా నుంచి 6 పిన్నులకు మార్చే చిన్న కన్వర్టర్ వాడటం. సాటా ప్లగ్ 12 వోల్టుల వైపు ఇవ్వగలిగేది 54 వాట్లు, కార్డు లాగేది 75 దాకా. ప్లాస్టిక్ కరిగిపోతుంది. కన్వర్టర్ డాక్‌తోపాటు ఉచితంగా వచ్చినా వాడొద్దు.

"ఫ్యాన్ తిరుగుతోంది, ల్యాప్‌టాప్‌కి మాత్రం ఏమీ తెలియడం లేదు"

డివైస్ మేనేజర్‌లో కొత్త పేరు రాకపోతే, కనీసం "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" కూడా లేకపోతే, కార్డు ఇంకా గడప దాటలేదు. డ్రైవర్‌ని ముట్టుకోవద్దు.

కేబుల్ నుంచి మొదలుపెట్టండి. ఫోన్ చార్జర్ కేబుల్ ఇక్కడ పనికిరాదు. రెండు చివర్లా మెరుపు గుర్తు, దాని పక్కన 3 లేదా 4 అంకె ఉండాలి. థండర్‌బోల్ట్ 3 పాసివ్ కేబుల్ (లోపల సిగ్నల్ పెంచే చిప్ లేనిది) 40 జీబీపీఎస్‌ని అర మీటరు వరకే మోస్తుంది. పొడవైన పాసివ్ కేబుల్ వేగం 20కి పడిపోతుంది. 4లో అయితే 80 సెంటీమీటర్ల దాకా ఇబ్బంది లేదు. టేబుల్ మీద అందడం లేదని రెండు మీటర్లది కొనాల్సి వస్తే ఆ చిప్ ఉన్న యాక్టివ్ కేబుల్ తీసుకోండి. మధ్యలో హబ్ ఉంటే తీసేయండి.

కేబుల్ బాగుంటే అనుమతి సంగతి. థండర్‌బోల్ట్ కంట్రోల్ సెంటర్ యాప్ తెరిచి, బాక్సు పేరు పక్కన ఎప్పుడూ కనెక్ట్ చేయమనే ఎంపిక పెట్టండి. లినక్స్‌లో బోల్ట్ సర్వీసులో పరికరాన్ని ఎన్‌రోల్ చేయాలి. యాప్‌లో బాక్సే కనబడకపోతే బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ థండర్‌బోల్ట్ సెక్యూరిటీ "డిస్‌ప్లేపోర్ట్, యూఎస్‌బీ మాత్రమే" అని ఉంటే పీసీఐఈ దారి మూసేసినట్టే. దాన్ని "యూజర్ ఆథరైజేషన్"కి మార్చండి. హైటెక్ సిటీ ఆఫీసులు ఇచ్చే ల్యాప్‌టాప్‌లలో ఈ సెట్టింగ్‌కి తాళం ఉండొచ్చు. అది ఐటీ విభాగం నిర్ణయం, దొడ్డిదారులు వెతక్కండి.

బయోస్‌లో ఏది మార్చే ముందైనా బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీ రాసిపెట్టుకోండి. 48 అంకెల ఆ కీ లేకపోతే తర్వాతి బూట్‌లోనే మీ డేటా మీకు అందకపోవచ్చు.

ఎం.2, ఆక్యులింక్ (పీసీఐఈని నేరుగా బయటికి తెచ్చే పోర్టు) దారుల్లో కథ వేరు. నడుస్తుండగా పెట్టడం, తీయడం కుదరదు. ముందు కార్డు సప్లై ఆన్ చేసి, తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ చేయాలి. అయినా కనబడకపోతే బయోస్‌లో ఆ స్లాట్ పీసీఐఈ వేగాన్ని జెన్ 3కి (పాత తరం వేగం) తగ్గించి చూడండి. సన్నని రిబ్బన్ కేబుళ్లు జెన్ 4 సిగ్నల్‌ని నిలబెట్టలేవు.

కోడ్ 12: "సరిపడా వనరులు లేవు"

డివైస్ మేనేజర్ ఈ కోడ్ చూపిస్తే కార్డు లోపలికి వచ్చింది, కూర్చోవడానికి చోటే దొరకలేదు. సాధారణ ఎన్విడియా కార్డు ఒకేచోట 256 ఎంబీ, విడిగా 32, 16 ఎంబీల చిరునామాలు అడుగుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ వీటన్నిటినీ మొదటి 4 జీబీ లోపలే సర్దాలని చూస్తుంది. లోపల ఇప్పటికే ఇంకో గ్రాఫిక్స్ చిప్ ఉంటే అక్కడ ఖాళీ ఉండదు. ర్యామ్ పెంచితే ఇది పోదు. ఆ మాట చెప్పి ర్యామ్ అమ్మేవాళ్లను నమ్మకండి.

ముందు బయోస్‌లో "ఎబోవ్ 4జీ డీకోడింగ్" ఉందేమో చూసి ఆన్ చేయండి. లేకపోతే డివైస్ మేనేజర్‌లో లోపలి ఎన్విడియా లేదా ఏఎండీ చిప్‌ని డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేయండి. ప్రాసెసర్‌లోని ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు, స్క్రీన్ నడిచేది దానిమీదే. అదీ పనిచేయకపోతే వరుస మార్చండి: విండోస్ తెరుచుకున్నాక కేబుల్ పెట్టేవాళ్లు పెట్టి ఉంచి బూట్ చేయండి, పెట్టి బూట్ చేసేవాళ్లు తర్వాత పెట్టండి. లినక్స్‌లో బూట్ లైనుకు "pci=realloc" చేర్చడం ఇదే జబ్బుకు మందు.

కోడ్ 43: "పరికరం సమస్యలు తెలియజేసింది"

డ్రైవర్ వంతు ఇప్పుడొచ్చింది. ఇంటర్నెట్ ఆపేసి, సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ నడిపి, కార్డు కంపెనీ సైటు నుంచి ముందే దించుకున్న డ్రైవర్ వేయండి. ఇంటర్నెట్ ఆపకపోతే మధ్యలో విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న పాతది వేసేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఏఎండీ రైజెన్ ఉండి, బయటి కార్డు కూడా ఏఎండీదే అయితే రెండింటికీ సరిపోయే ఒకే డ్రైవర్ ప్యాకేజీ ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన పాత డ్రైవర్ లోపలి చిప్‌కి, కొత్తది బయటి కార్డుకి అంటే రెండూ గొడవపడతాయి.

కార్డు సెకండ్‌హ్యాండ్ అయితే ఇంకో అనుమానం పెట్టుకోవాలి. క్రిప్టో మైనింగ్‌లో వాడిన ఆర్‌ఎక్స్ 570, 580 కార్డుల బయోస్‌ని మార్చేస్తుంటారు. అలా మార్చిన కార్డును ఏఎండీ డ్రైవర్ ఒప్పుకోదు. కార్డు అంచున చిన్న బయోస్ స్విచ్ ఉంటే, పవర్ తీసి రెండోవైపు జరిపి చూడండి. స్విచ్ లేకపోతే అదే మోడల్ అసలు బయోస్ మళ్లీ ఎక్కించాలి. మోడల్ ఒకటైనా మెమరీ చిప్ కంపెనీ వేరైతే బయోస్ వేరు, జాగ్రత్త. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పాత కార్డు కొంటే మీ ల్యాప్‌టాప్, డాక్, సప్లై వెంట తీసుకెళ్లండి. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ యాప్ తెరిచి పేరు చూడండి. తక్కువ రకం చిప్‌కి పెద్ద పేరు తగిలించిన కార్డును గుర్తుపడితే అది పేరు ముందు "ఫేక్" అని చూపిస్తుంది. ఆ తర్వాత కనీసం పావుగంట పూర్తి లోడు మీద నడిపించాకే డబ్బులు ఇవ్వండి.

"బాగానే నడుస్తోంది, మధ్యలో కార్డు మాయమైపోతోంది"

అన్నిటికంటే ఎక్కువ విసిగించేది ఇదే, ఎందుకంటే కారణాలు చాలా ఉన్నాయి. విండోస్ తప్పుల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. 4101 ఉంటే డ్రైవర్ ఆగి మళ్లీ లేచింది. ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టినదానికంటే పెంచిన వేగం) ఉంటే తీసేయండి. డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 17 గుంపులుగా ఉంటే పీసీఐఈ సిగ్నల్‌లో తప్పులు వస్తున్నాయి: కేబుల్ మార్చండి, లేదా జెన్ 3కి దిగండి. లినక్స్‌లో ఎన్విడియా ఎక్స్‌ఐడీ 79 కనబడితే కార్డు పీసీఐఈ దారి నుంచి జారిపోయింది. అప్పుడు మొదటి అనుమానం పవర్ సప్లై మీద, తర్వాత కేబుల్ మీద, ఆ తర్వాత వేడి మీద.

పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో "లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్" ఆఫ్ చేయండి. ఖాళీగా ఉన్నప్పుడు మాయమయ్యే కార్డులు దీంతోనే చాలావరకు కుదురుకుంటాయి.

మన ఊళ్లో ఇంకో కారణం కరెంటు. లైను పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు సప్లై తనలో దాచుకున్న శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లే నిలబడుతుంది. ఫ్యాను, లైటు రెప్ప కొట్టవు కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ కాపాడుతుంది, గ్రాఫిక్స్ బాక్సు మాత్రం చస్తుంది. ఇన్వర్టర్ మీద "యూపీఎస్ మోడ్" స్విచ్ ఉంటే అటు తిప్పండి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే, పెద్ద కార్డు, మానిటర్ కలిపి దానిమీద పెడితే కరెంటు పోయిన క్షణమే అది చేతులెత్తేస్తుంది.

ల్యాప్‌టాప్ చార్జర్, కార్డు సప్లై, మానిటర్ మూడూ ఎర్తింగ్ ఉన్న ఒకే బోర్డులో పెట్టండి. పాత ఇళ్లలో, హాస్టల్ గదుల్లో మూడో పిన్ను రంధ్రం ఉన్నా లోపల వైరు ఉండదు. డాక్ లోహం ముట్టుకుంటే చిమచిమలాడితే అదే సంకేతం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ సరిచేయించేదాకా సెట్ వాడకండి.

ఏప్రిల్, మే నెలల్లో గది 38 డిగ్రీలుంటే కార్డు 20 నిమిషాల్లో వేడెక్కుతుంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గించండి. వేగం తగ్గేది కొద్దిగానే, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. ఓపెన్ డాక్‌ని గోడకి ఆనించొద్దు.

"కనబడుతోంది, కానీ స్పీడు లేదు"

మానిటర్ ఎక్కడ పెట్టారో చూడండి. ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐలో పెడితే కార్డు గీసిన ప్రతి ఫ్రేమూ అదే సన్నని కేబుల్‌లో వెనక్కి రావాలి. ల్యాప్‌టాప్ సొంత స్క్రీన్‌కీ అంతే. మానిటర్‌ని కార్డు వెనక పోర్టుకే పెట్టండి. తర్వాత విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆ గేమ్‌కి లేదా యాప్‌కి "హై పెర్ఫార్మెన్స్" కింద బయటి కార్డు పేరు ఉందో లేదో సరిచూడండి.

థండర్‌బోల్ట్ మీద జీపీయూ-జెడ్ "ఎక్స్4 1.1" అని చూపిస్తే కంగారుపడొద్దు. అక్కడ లింకు వేగం చాలాసార్లు తప్పుగానే నమోదవుతుంది. నిజం తెలియాలంటే బ్యాండ్‌విడ్త్ కొలవాలి. ఎన్విడియాకి క్యూడా-జెడ్ చాలు. ల్యాప్‌టాప్ నుంచి కార్డుకి సెకనుకు 2 నుంచి 3 జీబీ వస్తే లింకు ఆరోగ్యంగా ఉన్నట్టే. 1.5 దగ్గరే ఆగితే ల్యాప్‌టాప్ రెండు లేన్లే ఇస్తోందేమో చూడండి. డెల్ ఎక్స్‌పీఎస్ 13 9360, ఎక్స్‌పీఎస్ 15 9560 అలాంటివే. దానికి మందు లేదు.

మెషిన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లకు ఈ సన్నదనం అంత బాధ కాదు. మోడల్ ఒకసారి కార్డు మెమరీలోకి ఎక్కితే తర్వాత వెళ్లేది డేటా ముక్కలే. మెమరీ నిండి పొంగితేనే అసలు నరకం, అదనపు భారం ల్యాప్‌టాప్ ర్యామ్‌లోకి, ఆ కేబుల్ మీదుగా పోతుంది. అందుకే ఎక్స్‌టర్నల్ వాడకానికి కొంచెం వేగం తక్కువైనా 12 జీబీ 3060 మంచి ఎంపిక అని మా అభిప్రాయం.

స్లీప్ నుంచి లేచాక పోతే

పరిష్కారాల కోసం వెతకడం కంటే స్లీప్ మానేయడం మేలు. పని అయ్యాక టాస్క్‌బార్‌లో సేఫ్ రిమూవ్ చేసి, కేబుల్ తీసి, తర్వాత మూత వేయండి. సేఫ్ రిమూవ్ తర్వాత కోడ్ 47 కనబడితే అది లోపం కాదు. కేబుల్ పూర్తిగా తీసి మళ్లీ పెడితే పోతుంది.