కిడ్నీ జబ్బు ఉండి తిరుమల శనివారాలు చేసేవాళ్లకు జాగ్రత్తలు

తిరుమల శనివారాలు, అంటే పెరటాసి నెలలో వెంకన్నకు ఒక్కపొద్దుండే శనివారాలు, మొదలైన మొదటి వారమే మా డయాలసిస్ సెంటర్‌కు వచ్చే ఒకాయన చనిపోయాడు. కొండకు పోవాలని శుక్రవారం డయాలసిస్ ఎగ్గొట్టాడు. ఒక్కపొద్దని పొద్దున బీపీ మాత్రలు కూడా వేసుకోకుండా అలిపిరి మెట్లెక్కాడు. గాలిగోపురం చేరకముందే నోరు వంకరపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. మెదడులో నరం చిట్లింది.

ఉప్పు తగ్గించండి, బీడీ మానండి అని మళ్లీ చెప్పను, అవి మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్కటే. బీపీ మాత్ర మానొద్దు.

కిడ్నీ జబ్బు ఉన్నోళ్లకే ఎందుకింత ప్రమాదం

మెదడులో రక్తస్రావమైతే మామూలు మనుషుల్లోనే నెల తిరిగేలోపు పదిమందిలో దాదాపు నలుగురు పోతారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు బతికే అవకాశం ఇంకా తక్కువ. ఏళ్ల తరబడి బీపీ మోసిన సన్న నరాలు ముందే బలహీనంగా ఉంటాయి. ఒంట్లో పేరుకున్న మలినాల వల్ల, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు లెక్కకు సరిపడా ఉన్నా పని సరిగా చేయవు, దాంతో చిట్లిన చోట రక్తం తొందరగా ఆగదు. ఆపరేషన్ చేద్దామన్నా అదే భయం. మెదడు వాపుకిచ్చే మానిటాల్ కూడా మూత్రం రానివాళ్లకు ధైర్యంగా ఇవ్వలేరు. డయాలసిస్ వేగంగా చేస్తే వాపు పెరుగుతుంది, ఆపితే నీరు చేరుతుంది. అందుకే చిట్లాక చేసే వైద్యం కంటే చిట్లకుండా వేసుకునే మాత్రే గట్టిది.

మాత్ర గురించి

"బీపీ నార్మల్ వచ్చింది సార్, అందుకే ఆపేశా" అని వారానికొకరైనా అంటారు. నార్మల్ వచ్చింది మాత్ర వల్లేనయ్యా! అన్నిటికంటే క్లోనిడిన్‌తో జాగ్రత్త, మనోళ్లు ఆర్కమిన్ అంటారే, అది. ఉన్నట్టుండి ఆపితే బీపీ ముందుకంటే పైకి ఎగురుతుంది. ఊరికి పోయేటప్పుడు ఈ మాత్ర అయిపోకుండా చూసుకోండి. డయాలసిస్ రోజు పొద్దున ఏది మానాలో, తర్వాత ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టరు చెప్పినట్టే చేయండి, పక్క మంచమాయన చెప్పినట్టు కాదు.

గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకుంటే ఒక్కపొద్దు చెడదు. స్వామి ఏమీ అనుకోడు.

ఇక మిగతావి:

డయాలసిస్ ఎగ్గొట్టొద్దు. ఒంట్లో నీరు నిలిస్తే బీపీ మాత్రకు కూడా లొంగదు. కొండకు డయాలసిస్ మరుసటి రోజు పోండి.

3,550 మెట్లు మీకొద్దు. మొక్కు ఉంటే ఇంట్లో ఇంకొకరిని నడవనీయండి. మీరు బస్సులో పోండి.

కాళ్లనొప్పులకని డైక్లోఫెనాక్ కొనుక్కోవద్దు. బీపీ పెంచుతుంది, మిగిలిన కిడ్నీని తినేస్తుంది.

సోడియం తక్కువని అమ్మే ఉప్పు వాడొద్దు. అందులో పొటాషియం ఉంటుంది, గుండె ఆగిపోవచ్చు.

బీపీ మాత్ర మానొద్దు.

ఎన్నడూ లేనంత తలనొప్పి ఉన్నట్టుండి వచ్చినా, వాంతులతో మగతగా ఉన్నా, మాట తడబడినా పడుకోబెట్టి చూద్దామనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. కొండమీదైతే అశ్విని ఆస్పత్రి ఉంది. కింద తిరుపతిలో అయితే స్విమ్స్, రుయా ఆస్పత్రులు పక్కపక్కనే ఉన్నాయి.

పక్షవాతమని ఆస్పిరిన్ మింగించొద్దు. గడ్డ కట్టిందా, చిట్లిందా అనేది సీటీ స్కాన్ చూడకుండా ఎవరూ చెప్పలేరు. చిట్లినవాళ్లకు ఆస్పిరిన్ ఇస్తే రక్తం ఇంకా పోతుంది.

నీళ్లు తాగించొద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

డయాలసిస్ ఫైలు, మాత్రల షీట్లు వెంట తీసుకుపోండి. చివరి డయాలసిస్ ఎప్పుడైంది, రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ఇచ్చారా అనేది వాళ్లు అడక్కముందే చెప్పండి.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, సూది గుచ్చనివ్వొద్దు. రోగి చెప్పలేడు, పక్కన నిలబడి మీరే చెప్పాలి.