మైనస్ 20 సెల్సియస్‌లో కారు స్టార్ట్ కాకపోతే: మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పట్టే ముందు జాగ్రత్తలు

అమెరికాలో మినియాపొలిస్, ఫార్గో వైపు ఉండే మనవాళ్లకు జనవరి పొద్దుల్లో తాళం తిప్పితే ఇంజన్ తిరగక వచ్చే ఆ "టక్ టక్" శబ్దం కొత్తేం కాదు. బానెట్ ఎత్తే ముందు ఇవి తెలుసుకోండి. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

• బ్యాటరీ గడ్డకట్టిందేమో ముందు చూడండి. పక్కలు ఉబ్బినా, పగుళ్లిచ్చినా జంప్ స్టార్ట్ (వేరే బ్యాటరీకి కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేయడం) వద్దు, ఛార్జర్ కూడా పెట్టొద్దు. పేలితే యాసిడ్ మొహాన పడుతుంది. ఫుల్ ఛార్జ్ ఉన్నది మైనస్ 50 దాకా తట్టుకుంటుంది. బాగా దిగిపోయినది మైనస్ 7, 10 దగ్గరే గడ్డకడుతుంది.

• మీటర్ 12.6 వోల్టులు చూపించిందని బ్యాటరీ బాగుందనుకోకండి. లోడ్ పడ్డాక, అంటే బ్యాటరీ నుంచి గట్టిగా కరెంటు లాగేటప్పుడు, ఎంతకు దిగుతుందో చూడాలి. ఈ లోడ్ టెస్టుకి అందరూ చెప్పే 9.6 వోల్టుల హద్దు 20 డిగ్రీల వాతావరణానికి. మైనస్ 18లో లోడ్ టెస్టుకి 8.5 ఉన్నా పాసే. ఈ తేడా తెలియక నేను నిక్షేపంలాంటి బ్యాటరీ మార్చేశాను.

• ఎర్త్ కేబుల్‌ని (బ్యాటరీ మైనస్‌ని ఇంజన్‌కి, బాడీకి కలిపే వైరు) చూడకుండా వదిలేయకండి. మీటర్ ప్రోబ్ (వైరు చివర ఉండే సూది) ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ మీద రంగు లేని లోహానికి ఆనించి, ఎవరినైనా తాళం తిప్పి ఇంజన్ క్రాంక్ చేయమనండి. అర వోల్టు దాటితే లోపం కేబుల్‌దో, తుప్పుదో.

• వైర్ల కనెక్టర్లు లాగేయొద్దు. చలికి ప్లాస్టిక్ పెళుసై క్లిప్ పుటుక్కున విరుగుతుంది. హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేయండి.

• మీటర్ రాత్రి ఇంట్లోనే ఉంచండి. చలికి స్క్రీన్ మీద అంకెలు నత్తల్లా కదులుతాయి.